ఏడు మేకుల పెద్దమ్మ

పెద్దమ్మ పోయిన కబురు నాకు ప్యాకింగ్ మిషన్ చప్పుడులో అందింది. సంచుల మూతులు కుట్టే అమ్మాయి చెవి దగ్గర్నుంచి ఫోను తీసి, "మేడం, మాగ్నెట్ల పెద్దమ్మ లేదట. నాలుగొద్దుల సంది జరమట. గీ పొద్దుగాల పానం పోయిందట," అంది. నేను "ఏ పెద్దమ్మ?" అని అడిగాను. తెలియక అడగలేదు. మా మిల్లులో అలా పిలిపించుకున్న మనిషి ఒక్కతే. ఆ అమ్మాయి జవాబు చెప్పేంతసేపైనా తెలియనట్టు నిలబడొచ్చని అడిగాను. ఆమె విషయంలో తెలియనట్టు నిలబడటం నాకు కొత్త కాదు.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచి మాటలతో మొదలుపెడతారు. పెద్దమ్మ గురించి మంచి మాటలు చెప్పగలిగేవాళ్లు మా మిల్లులోనే ముప్ఫైమంది ఉన్నారు. నేను చెప్పాల్సింది మాత్రం వాళ్లెవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

మాది మేడ్చల్ దాటాక హైవేకి కాస్త లోపలగా ఉన్న చిన్న మిల్లు. రాగులు, సజ్జలు, పెసలు మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి పిండి పడతాం. పసిపిల్లలకు జావ కాచి పోసే పొడి అది. నేనక్కడ క్వాలిటీ చూస్తాను. మా ఊరు తణుకు దగ్గర. పెళ్లయ్యాక కండ్లకోయ వైపు కాలనీలో కాపురం పెట్టి, ఇంటికి దగ్గరని ఈ ఉద్యోగంలో చేరాను. డిగ్రీలో ఫిజిక్స్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. గొప్ప కోసం చెప్పడం లేదు ఈ మాట.

మరలోంచి పిండి గొట్టంలోకి జారేచోట ఒక స్టీలు చట్రం ఉంటుంది. అందులో బొటనవేలు లావున తొమ్మిది కడ్డీలు. పైకి మామూలు స్టీలు గొట్టాల్లా కనిపిస్తాయి గానీ లోపల మంచి బలమైన అయస్కాంతాలుంటాయి. మరలో అరిగిన ఇనుప రజను, జల్లెడ తెగిన తీగ, గింజలతో పాటు కల్లంలోంచి వచ్చిన మేకు, ఏదైనా అక్కడే అంటుకుపోవాలి. అక్కడ దాటిపోతే ఇక పసిపిల్ల గ్లాసులోకే. ఆ కడ్డీలను రోజుకి రెండుసార్లు బయటికి తీసి తుడవడం పెద్దమ్మ పని.

లాల్‌గడి మలక్‌పేట్ నుంచి షేర్ ఆటోలో వచ్చేది. యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేది. పనిలోకి దిగేముందు కొంగుకి గుచ్చుకున్న పిన్నీసులన్నీ ఒక్కొక్కటే తీసి గోడమీది క్యాలెండర్ దారానికి తగిలించేది. "లేకుంటే కొంగు వట్టి గుంజుతది బిడ్డా. సచ్చిపోయిన మా ఆయన గూడ గంత గట్టిగ గుంజలే," అని నవ్వేది. నేను మిల్లులో చేరిన మొదటివారంలోనే నన్ను బిడ్డా అనడం మొదలుపెట్టింది. నలుగురిలో ఉన్నప్పుడూ అదే పిలుపు. సూపర్‌వైజర్ "మేడం అనాలె పెద్దమ్మా" అంటే, "మేడమే గని, నా బిడ్డ కన్న చిన్నది" అని తన పని తాను చేసుకునేది.

కడ్డీ తుడిచిన గుడ్డని పాత పేపరు మీద దులిపి, పడిన ఇనుమునంతా వేలితో విడదీసేది. అది ఎవరూ చెప్పని పని. పక్కనే స్టూలు వేసుకుని చూసేదాన్ని. "గిది మర సుత్తెది బిడ్డా, అంచు నున్నగుంటది. గిది జల్లెడ తీగ, ఎండ్రకాయ కాలు లెక్క వంకర వోతది. ఇగ గిది మనది గాదు, గింజలల్ల వచ్చింది, తుప్పు జూడు." ఒకరోజు మధ్యాహ్నం పేపరు మడిచి పట్టుకుని నేరుగా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి మర ఆపమంది. ఆయన నవ్వాడు. ఆమె అక్కణ్నుంచి కదల్లేదు. చివరికి విసుక్కుంటూ మర విప్పించాడు. జల్లెడ ఒక మూల జానెడు చిరిగి ఉంది. ఆరోజు నుంచి ఆమె మర ఆపమంటే ఆపేవాళ్లు. ఎలా కనిపెట్టావని అడిగితే, "చెయ్యి చెప్తది బిడ్డా. కన్నుకు కనవడేదాంక ఆగితే ఆల్చెమైతది," అంది.

ఆమె దగ్గర బామ్ డబ్బాలాంటి చిన్న రేకు డబ్బా ఒకటి ఉండేది. అందులో ఒకే సైజువి ఏడు మేకులు. ఆమె వాటిని సీలలు అనేది. ప్రతి సోమవారం కడ్డీని అడ్డంగా పట్టుకుని, దానికి ఒక మేకు, ఆ మేకు కొసకి ఇంకో మేకు, అలా ఒకదాని కింద ఒకటి వేలాడదీసేది. ఏడూ నిలబడితే కడ్డీ బాగున్నట్టు. ఎవరు నేర్పారంటే, "ఎవ్వలు నేర్పలే, ఊకె జూస్తుంటి, నిలవడ్డయి," అంది.

ఆమె ఒకసారి అడిగింది, "గిది ఎందుకు గుంజుతది బిడ్డా?" అని. నాకు సంతోషమేసింది. ఇనుము లోపల కంటికి కనిపించని చిన్న చిన్న తావులుంటాయని, మామూలు ఇనుములో అవి తలో దిక్కు చూస్తుంటాయని, అయస్కాంతంలో అన్నీ ఒకే దిక్కు చూస్తాయని, అందుకే ఆ బలమని చెప్పాను. ఆమె కడ్డీని చేతిలో అటూ ఇటూ తిప్పి, "మరి ఎప్పుడు వోతది గా బలం?" అంది. "దెబ్బలు తగిలితే కొంత పోతుంది పెద్దమ్మా. బాగా వేడి చేస్తే పోతుంది. లోపలివన్నీ చెదిరిపోతాయి," అన్నాను. ఈ నోటితోనే చెప్పాను.

అంతకు ముందు ఆమె కడ్డీకి అంటుకున్న రజను రాలడానికి దాన్ని డ్రమ్ము అంచుకి టక్ టక్‌మని కొట్టేది. నేను చెప్పిన రోజు నుంచి మానేసింది. ఒట్టి గుడ్డతోనే తుడిచేది. ఇంకెవరైనా కడ్డీని ధన్‌మని బల్లమీద పెడితే, "మెల్లగ వెట్టు, దెబ్బ దాకుతది దానికి" అని కసురుకునేది, పక్కలో పసిబిడ్డని పడుకోబెడుతున్నట్టు చెయ్యి అడ్డం పెట్టి మరీ.

ఇక నా సంగతి.

నాలుగేళ్ల కిందట ఒక పెద్ద కొనుగోలుదారు మా మిల్లు చూడటానికి వస్తామన్నారు. వాళ్లు వచ్చే ముందు నేను అన్నీ సరిచూసుకుంటుంటే చట్రం మూలల్లో, కడ్డీల అతుకుల దగ్గర, పిండి పురుగు గుడ్లు కనిపించాయి. భయపడ్డాను. వారానికొకసారి కడ్డీలను సబ్బునీళ్లతో కడిగి, గింజలారబెట్టే డ్రయ్యర్‌లో నూట ఇరవై డిగ్రీల్లో రెండు గంటలు ఉంచాలని రాసిచ్చాను. ఆ వేడికి ఏ పురుగూ బతకదని.

పెద్దమ్మ ఆ కాగితాన్ని చూడలేదు, నా మొహం చూసింది. "గంత ఏడి ఎందుకు బిడ్డా? కడిగినంక గుడ్డతోని తుడిసి ఎండల వెడ్త. ఏడి తాకితే బలం వోతదంటివి గద."

"అది మూడొందలు దాటితే పెద్దమ్మా," అన్నాను. "నూట ఇరవైకి ఏమీ కాదు. ఇనుమేగా, కరిగిపోతుందా?"

చదువుకున్నదే చెప్పానని అనుకున్నాను. ఈ రకం అయస్కాంతం బలమంతా పూర్తిగా పోవాలంటే మూడు వందల డిగ్రీలు దాటాలన్నది నిజమే. కానీ కొంత కొంత పోవడం అంతకు చాలా కిందే మొదలవుతుంది. మామూలు రకాలకైతే ఎనభై దాటితే చాలు. లోపలి తావుల్లో కొన్ని తిరగబడిపోతాయి. చల్లారాక అవి వాటంతటవే మళ్లీ మునుపటి దిక్కుకి రావు. మళ్లీ వేడి చేస్తే ఇంకొన్ని. అంతా పోయే వేడి గురించి నాకు తెలుసు. కొంత పోయే వేడి గురించి తెలియదు. తెలియదని కూడా తెలియదు.

రెండో వారానికి ఐదు మేకులే నిలబడ్డాయి. పెద్దమ్మ కడ్డీ తీసుకుని నా గదికి వచ్చింది. "జూడు బిడ్డా, గుంజుడు తగ్గింది." నేను ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాను. చేత్తో తర్వాత అని సైగ చేశాను. మూడో వారం నాలుగే నిలబడ్డాయని చెప్పింది. "మేకులు పాతబడి ఉంటాయి, మార్చు," అన్నాను. అయస్కాంతాల బలం కొలిచే మీటరు నా బీరువాలోనే ఉంది. నెలనెలా దాంతో కొలిచి రిజిస్టర్‌లో రాయాలి. బ్యాటరీ అయిపోయి మూడు నెలలైంది. పోయిన నెల అంకెలే ఈ నెలా రాస్తున్నాను. ఐదో వారం ఆమె మళ్లీ వచ్చింది. "మూడు బిడ్డా. పసిపోరలు తాగేది గిది. జర జూడరాదు." అప్పుడు మాత్రం కోపమొచ్చింది. "నా పని నాకు తెలుసు పెద్దమ్మా," అన్నాను. ఆమె కడ్డీ తీసుకుని వెళ్లిపోయింది.

మూడు రోజులకి ఒక తల్లి ఫోను చేసింది. పిల్లకి జావ వడకడుతుంటే వడపోత జాలిలో తీగ ముక్క కనిపించిందట. వడకట్టింది కాబట్టి పిల్లకేం కాలేదు. ఫోటో పంపింది. ఎండ్రకాయ కాలులా వంకర తిరిగి ఉంది.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక బీరువా తెరిచి, కడ్డీలు కొన్నప్పుడు వాటితో వచ్చిన కాగితం వెతికాను. నేనే ఫైల్లో పెట్టిన కాగితం. ఎప్పుడూ చదవలేదు. అందులో ఒక వాక్యం ఉంది, ఎనభై డిగ్రీలు దాటనివ్వకూడదని. డ్రయ్యర్ షీట్లు ఐదు తీశాను. ఐదింటి మీదా నా చేతిరాతతో నూట ఇరవై. కొత్త షీట్లు తీసుకుని, అవే తేదీలు, అవే సంతకాలు, వేడి దగ్గర మాత్రం అరవై అని రాశాను. పాతవీ, మొదట నేను రాసిచ్చిన కాగితమూ చింపి, వెళ్తూ వెళ్తూ బాయిలర్‌లో పడేశాను.

మర్నాడు మాగ్నెట్ల కంపెనీ నుంచి ఒకాయన మీటరు పట్టుకుని వచ్చాడు. మా ఓనర్ గది. ఓనర్, నేను, ఆయన. తలుపు దగ్గర పెద్దమ్మ. కడ్డీలు ఒక్కొక్కటీ కొలిచి, బలం సగానికి తక్కువే ఉందన్నాడు. "ఇవి ఊరికే పోవు సర్. వేడైనా తగలాలి, దెబ్బలైనా తగలాలి, లేదా ఇంకో పెద్ద అయస్కాంతం ఎదురుగా పెట్టైనా ఉండాలి."

"డ్రయ్యర్ల ఎంత వెడుతున్నరు మేడం?" అని ఓనర్ నన్ను అడిగాడు.

ఫైలు ఆయన ముందు పెట్టి, "అరవై సర్," అన్నాను.

"అరవై గాదు సార్," అంది పెద్దమ్మ తలుపు దగ్గర్నుంచి. "నూటిరవై. నేనే గద గుండీ తిప్పేది. ఒకటి, రెండు, సున్న." వేలితో గాలిలో ఆ మూడంకెలూ రాసి చూపించింది. ఆమె మూడో తరగతి దాకా చదువుకుంది. అంకెలు బాగా వచ్చు.

ఓనర్ షీట్లు తిరగేశాడు. ఐదింటి మీదా అరవై. ఆయన తల ఎత్తి ఆమెని చూసిన చూపులో కోపం కూడా లేదు, జాలి ఉంది. అంకె సరిగ్గా చూసుకోలేదు పాపం అన్నట్టు.

"మరి దెబ్బలేమైనా తగిలాయా?" అని కంపెనీ ఆయన అడిగాడు.

నేను చెప్పాను. "పెద్దమ్మ కడ్డీల్ని డ్రమ్ము అంచుకి కొట్టి దులిపేది, మొదట్లో." మొదట్లో అన్న మాట చివర్న పెట్టి, దాన్ని మెల్లగా అన్నాను. అబద్ధమాడలేదని తర్వాత నాకు నేను చెప్పుకోవడానికి ఆ మాట. వినిపించకుండా ఉండటానికి ఆ మెల్లదనం.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "గది ఎన్నడో బంద్ జేసిన గద. నువ్వే చెప్తివి." కాసేపు నేనేమైనా అంటానని చూసింది. నేను ఫైలు సర్దుకుంటున్నాను. "నువ్వే చెప్తివి గద, మేడం," అంది మళ్లీ. నన్ను మేడం అనడం అదే మొదలు. ఆ తర్వాత ఇంకెప్పుడూ బిడ్డా అనలేదు.

రేపట్నుంచి రావద్దని ఓనర్ చెప్పాడు. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. క్యాలెండర్ దగ్గరికి వెళ్లి పిన్నీసులు ఒక్కొక్కటే తీసి కొంగుకి గుచ్చుకుంది. వెళ్తూ నా టేబుల్ మీద రేకు డబ్బా పెట్టింది. "కొత్తయి వచ్చినంక జూడుండ్రి. ఏడు నిలవాలె." అంతే.

కొత్త కడ్డీలు వచ్చాయి. డ్రయ్యర్‌లో పెట్టడం మాన్పించాను, ఎవరికీ కారణం చెప్పకుండా. మీటరుకి బ్యాటరీ వేసుకున్నాను. తర్వాతి సంవత్సరం నాకు ప్రమోషన్ వచ్చింది. మిల్లులో కొత్తగా చేరేవాళ్లకి కడ్డీల పని నేర్పేటప్పుడు సూపర్‌వైజర్ చెప్పే మాట ఒకటుంది: "ఇంతకుముందు ఒక పెద్దమ్మ కొట్టి కొట్టి ఖరాబు జేసింది, మీరు గట్ల చెయ్యకుండ్రి." అది వినబడినప్పుడల్లా నేను ఏదో పనున్నట్టు పక్కకు వెళ్లిపోయేదాన్ని. ఇలా ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం మా ఆయన, నేను శామీర్‌పేట దాటి లాల్‌గడి మలక్‌పేట్ వైపు ఒక కొత్త లేఅవుట్‌లో స్థలం చూడటానికి వెళ్లాం. రోడ్ల వెంబడి కొత్తగా నాటిన మొక్కలకి ఒక ఆడమనిషి పైపుతో నీళ్లు పెడుతోంది. వెనకనుంచి చూసే గుర్తుపట్టాను. కారు దిగకుండా ఉండిపోదామనుకున్నాను. మా ఆయన అప్పటికే దిగి ఏజెంటుతో మాట్లాడుతూ ముందుకెళ్లిపోయాడు. ఆమె నన్ను చూసింది. పైపు పాదులో పెట్టేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

"మంచిగున్నవా మేడం?"

"బాగున్నాను పెద్దమ్మా."

"కొత్త కడ్డీలు మంచిగున్నయా? ఎన్ని సీలలు నిలుస్తున్నయ్?"

మొదట అడిగింది అదే. ఉద్యోగం పోయి రెండేళ్లు, ఎండలో మొక్కలకి నీళ్లు పోస్తూ ఆమె అడిగింది ఎవరి పిల్లలో తాగే జావ గురించి. నేను ఆ డబ్బా అప్పటిదాకా తెరవలేదు. "ఏడు," అన్నాను. అది కూడా అబద్ధమే.

ఆమె తృప్తిగా తలూపింది. "పెద్దమ్మా, అప్పుడు నేను... ఆ షీట్లు..." అన్నాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. కోపంగా కాదు, ఇంక చాలన్నట్టు.

"నాకు ఎర్కనే గద మేడం. నాకెందుకు చెప్పుడు? ఎర్కలేనోళ్లకు చెప్పు."

పైపు దగ్గరికి వెళ్లిపోయింది. పాదు నిండి నీళ్లు రోడ్డు మీదికి వస్తున్నాయి.

ఎంత చిన్న పని చెప్పింది. తెలియనివాళ్లకి చెప్పమంది. ఓనర్ రోజూ నాకు ఎదురుగానే కూర్చుంటాడు. సూపర్‌వైజర్ రోజూ టీ తాగుతూ కనిపిస్తాడు. రెండేళ్లలో ఏ రోజు చెప్పినా సరిపోయేది, ఆమె బతికుండగా చెప్పినట్టయ్యేది. ప్రతి సోమవారం ఈ వారం చెప్పాలనుకున్నాను. పిల్లల పరీక్షలయ్యాక, ఆడిట్ అయ్యాక, వానలు తగ్గాక. ఆమెకి జ్వరం వచ్చిన ఆ నాలుగు రోజులూ నేను కాలనీలో మా ఇంటి పైగదికి రంగులు వేయిస్తున్నాను.

ఆమె పోయిన మూడోరోజు ఓనర్ గదిలోకి వెళ్లి తలుపు వేసి అంతా చెప్పాను. ఆయన ఈ చుట్టుపక్కల భూములున్న కుటుంబంవాడు, మెల్లగా మాట్లాడే మనిషి. మొత్తం విని, లేచి, పాత ఫైలు తీయించి తిరగేశాడు.

"గిండ్ల అరవై అనే ఉంది గద మేడం," అన్నాడు.

"అది నేను మార్చి రాసింది సర్. పాతవి కాల్చేశాను."

"ఇంతకాలమాయె. మీకే మతిల లేదేమో. పోయిన మనిషి మీద ప్రేమతోని గట్ల అనవడుతుండొచ్చు. పరేషాన్ గాకుండ్రి."

ఆయన చూపులో జాలి ఉంది. నాలుగేళ్ల కిందట తలుపు దగ్గర నిలబడిన మనిషి మీద పడిన చూపే అది. నిజం చెబుతూ నిలబడితే, ఎదురుగా ఉన్న కాగితం కాదంటుంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. పైగా ఆ కాగితం రాసింది నేనే. "సర్, నా రాత నాకు తెలుసు," అన్నాను గట్టిగానే. ఫైలు లాక్కుని, ఐదు షీట్ల మీదా అరవై కొట్టేసి, ఇది తప్పు, నూట ఇరవై, నేనే మార్చాను అని రాసి ఆరోజు తేదీతో సంతకం పెట్టాను. ఆయన ఐదు సంతకాలూ చూసి ఫైలు మూశాడు. తర్వాత, "ఆమె ఇంటికాడ చెప్పిన్రా?" అన్నాడు. లేదన్నాను. "మరి?" అన్నాడు.

పదోరోజు లాల్‌గడి మలక్‌పేట్ వెళ్లాను. లేఅవుట్ కాంపౌండ్ గోడకి ఆనుకుని ఉన్న రేకుల ఇల్లు. వాకిట్లో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. ఒక పక్క వంటలవుతున్నాయి. ఆమె కూతురు ఎదురొచ్చింది. అదే పొడుగు, అదే సన్నదనం. నేను చెప్పబోయేలోపే, "ఎర్క. క్వాలిటీ మేడం," అని కుర్చీ వేసి, నీళ్ల గ్లాసు ఇచ్చింది.

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. నూట ఇరవై పెట్టించింది నేనని, షీట్లు మార్చింది నేనని, మీ అమ్మ కొట్టడం వల్ల ఏ కడ్డీ పాడవలేదని. చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి నా చేతిలో గ్లాసునే చూసింది.

అయిపోయాక నెమ్మదిగా అంది. "అమ్మ చెప్పింది నాకు. 'నూటిరవై వెట్టిచ్చిన్రు, అరవై అని రాసిన్రు' అని ఎన్నిసార్లు చెప్పింది. నేనే నమ్మలే. సదువుకున్నామె ఎందుకట్ల రాస్తది, నీ చేతులే ఊకుండవ్ అన్న. మస్తుసార్లు అన్న." కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ తుడుచుకోలేదు. "పోయినేడు మొక్కల కాడ ఏదో పైపు పలిగితే గూడ గదే అన్న."

క్షమించమని అడగాలని వచ్చాను. అడగలేదు. అడిగే చోటు కాదది.

అప్పుడే గేటు దగ్గర ఒక పెద్దాయన చెప్పులు విడుస్తున్నాడు. ఆ అమ్మాయి అటు తిరిగింది. "సిన్నాయినా, ఇట్ల రా. ఈ మేడం అమ్మ ముచ్చట చెప్తది, ఇను." తర్వాత నాతో, "చెప్పు మేడం," అంది.

చెప్పాను. ఆయన విని తల పంకించి లోపలికి వెళ్లాడు. పక్కింటామె వచ్చింది. "చెప్పు మేడం." చెప్పాను. ఎవరో వేలువిడిచిన బంధువులు ముగ్గురు ఆటో దిగారు. చెప్పాను. చెప్పిన కొద్దీ నాకు తెలియకుండానే మాటలు తగ్గిపోతున్నాయి. ఆ అమ్మాయి వెంటనే పట్టుకుంది. "కాయిదాలు కాలవెట్టింది ఇడిచిపెట్టినవ్. గది గూడ చెప్పు." చెప్పాను. మెల్లగా అన్న మాట సంగతి కూడా చెప్పాను, ఆ అమ్మాయికి తెలియకపోయినా. ఎవరూ నన్ను తిట్టలేదు. ఒకామె మాత్రం "అవ్వో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత పెద్దమ్మ వాళ్ల అక్కని చెరోపక్కా పట్టుకుని తీసుకొచ్చారు. బాగా ముసలామె. చెవులు పూర్తిగా వినబడవు. మంచం మీద కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి నన్ను ఆమె ముందుకి పిలిచింది.

"గట్టిగ చెప్పాలె మేడం. ఇనవడదు."

వంగి ఆమె చెవి దగ్గర చెప్పాను. ఆమె ఏందీ అన్నట్టు మొహం పెట్టింది. "ఇంక గట్టిగ," అంది కూతురు. నిటారుగా నిలబడ్డాను. "మీ చెల్లెలు ఏమీ పాడు చెయ్యలేదు! నేను పాడు చేశాను! నేను అబద్ధం చెప్పి ఆమె మీద పెట్టాను!" సందంతా వినబడింది. గంటె తిప్పుతున్న వంటాయన ఆగిపోయాడు. ఎదురింటి గోడ మీంచి ఇద్దరు తొంగిచూశారు. నా గొంతు నాకే వేరే ఎవరిదోలా ఉంది.

ముసలామె నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. చాలాసేపు చూసింది. "నువ్వేనా?" అంది.

"నేనే."

చెయ్యి తీసేసి, కొంగుతో తుడుచుకుంది.

సందు మొదట్లో ఇంకో ఆటో ఆగింది. ఎవరో ఇద్దరు దిగి, ఏ ఇల్లని అడుగుతూ ఇటే వస్తున్నారు. కూతురు ఇంకో రెండు కుర్చీలు లాగి వేసి, నా వైపు చూసింది. కొంగు సర్దుకుని గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.